కార్బరేటర్ విప్పేముందు

కార్బరేటర్ తీసి పక్కన పెట్టి, దాని చోట ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ బిగించడం ఇంటి షెడ్డులో అయ్యే పనేనా? అయ్యే పనైతే చేయడం మంచిదేనా? మంచిదైతే ఏ దారిన చేయాలి? పాత స్పోర్ట్స్ కార్ల మీద మనసు పారేసుకున్నవాళ్లు రెండు దశాబ్దాలకు పైగా ఈ ప్రశ్నల మీద పని చేస్తున్నారు. జవాబులు బోలెడు పోగుపడ్డాయి. కానీ వాటిలో చాలావరకు ఇంగ్లండు చలిలోనో, అమెరికా హైవేల మీదో పుట్టినవి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ, ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము, బంకులో ఇథనాల్ కలిసిన పెట్రోలు ఉన్న రామగుండం, గోదావరిఖనిలో అవి ఎంతవరకు నిలుస్తాయో తూచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

నా తీర్పు ముందే చెప్తాను. ఈ పని ఇంట్లో చేయొచ్చు. కానీ చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు. ముందు ఇంజెక్టర్లు, కంప్యూటర్ కొంటారు. ట్యాంకు, పైపులు, వైరింగు సంగతి తర్వాత చూసుకుందాం అనుకుంటారు. అసలు వరుస దానికి ఎదురు. మొదట కరెంటు, తర్వాత కొలత, ఆ తర్వాత పెట్రోలు లైను, అన్నిటికన్నా చివర ఇంజెక్షన్. ఈ వరుసలో వెళ్తే ప్రతి మెట్టు దగ్గరా కారు నడుస్తూనే ఉంటుంది. సగం దారిలో ఆగిపోయినా నష్టం లేదు. చేసినంత మేరా బండి బాగుపడి ఉంటుంది.

మన దగ్గర స్పోర్ట్స్ కారు ఎక్కడుంది?

విదేశీ కార్ల దిగుమతి దాదాపు మూసుకుపోయిన దశాబ్దాల్లో పెరిగిన దేశం మనది. బొగ్గు బావుల ఊళ్లలో ఎంజీలు, ట్రయంఫ్‌ల లాంటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు వరసగా నిలబడి ఉండే అవకాశం లేదు. అయితే బానెట్ ఎత్తి చూస్తే చుట్టరికం బయటపడుతుంది. ఉత్తరపారాలో తయారైన హిందుస్థాన్ అంబాసిడర్‌కు చాలా ఏళ్లు గుండెకాయగా ఉన్నది 1489 సీసీ బీఎంసీ ‘బీ సిరీస్’ ఇంజను. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో రెండు ఎస్‌యూ కార్బరేటర్లతో పరుగెత్తిందీ ఆ 1489 సీసీ ఇంజనే. 1962 నాటి ఎంజీబీలో అదే ఇంజను పెరిగి 1798 సీసీ అయింది. అలాగే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా చేసిన స్టాండర్డ్ హెరాల్డ్, బ్రిటన్‌లోని ట్రయంఫ్ హెరాల్డ్‌కు సొంత తమ్ముడు. ఆ హెరాల్డ్ ఛాసిస్‌ను కురచ చేసి కట్టినదే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు.

కాబట్టి ఎంజీబీ యజమానులు ఇంజెక్షన్ గురించి తెలుసుకున్నదంతా పాత అంబాసిడర్ యజమానికి నేరుగా పనికొస్తుంది. సింగరేణి, ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం ఆఫీసుల ముందు అంబాసిడర్లు, జీపులు బారులు తీరిన కాలం ఈ ప్రాంతం వాళ్లకు ఇంకా గుర్తుంది. వీటికి తోడు 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800, దాని తర్వాత వచ్చిన జిప్సీ, హిందుస్థాన్ వారి కాంటెస్సా. ఇవాళ ఎవరైనా ఇంట్లో దాచుకుని, ఆదివారం కవరు తీసి తుడుచుకునే కార్బరేటర్ బండ్లు ఎక్కువగా ఇవే.

ఈ బొగ్గు ఊళ్లకు ఇంకో బలం ఉంది. ఓపెన్‌కాస్టులో తిరిగే డంపర్లు, షవెళ్లు, డోజర్లు ఏళ్ల కిందటే సెన్సర్లు, కంట్రోలర్లు ఉన్న యంత్రాలుగా మారిపోయాయి. ప్రెషర్ లైను అంటే ఏమిటో, హోస్ పైపు పగిలితే ఏం జరుగుతుందో, ఒక్క కనెక్టర్‌లో తేమ చేరితే ఎంత పెద్ద యంత్రమైనా ఎలా మొరాయిస్తుందో వర్క్‌షాపుల్లో పనిచేసినవాళ్ల చేతివేళ్లకు తెలుసు. ఇంజెక్షన్ మార్పిడికి కావాల్సిన అసలు చదువు అదే.

కార్బరేటర్ చేసే పని, చేయలేని పని

కార్బరేటర్‌ను తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. గొంతు ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గుదల జెట్టులోంచి పెట్రోలును లాగుతుంది. కరెంటు అక్కర్లేదు, సెన్సర్ అక్కర్లేదు. ఎస్‌యూ రకంలో పిస్టన్ లేచినకొద్దీ సన్నబడే సూది జెట్టును తెరుస్తూ మూస్తూ ఉంటుంది. దశాబ్దాల పాటు లోకంలోని పెట్రోలు బండ్లన్నీ దాదాపు దీని మీదే నడిచాయి.

దాని పరిమితి ఒక్కటే: తాను పంపిన మిశ్రమం సరిగ్గా కాలిందా లేదా అన్నది దానికి తెలియదు. 25 డిగ్రీల గాలికి సెట్ చేసిన కార్బరేటర్ 45 డిగ్రీల గాలిని పీల్చినప్పుడు ఆ గాలి సుమారు 6 శాతం పలచనై ఉంటుంది. గాలి పలచబడినంతగా పెట్రోలు తగ్గదు కాబట్టి మిక్చర్ కాస్త రిచ్ (పెట్రోలు పాలు ఎక్కువ) అవుతుంది. ఇథనాల్ దీనికి ఎదురు దిక్కున లాగుతుంది. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇంధనానికి లెక్క వేస్తే 13.5 దగ్గర తేలుతుంది. అంటే ఇథనాల్ లేని పెట్రోలుకు జెట్టు పెట్టుకున్న పాత బండి ఈ ఇంధనం మీద ఏడెనిమిది శాతం లీన్‌గా (పెట్రోలు పాలు తక్కువగా) నడుస్తుంది. స్టార్టింగ్‌లో నసుగుడు, ఎక్కువ లోడులో వేడి, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం తడబాటు వస్తాయి. పాత కార్ల యజమానులు ‘కార్బరేటర్ పాడైంది’ అనుకునే లక్షణాల్లో చాలా భాగం ఇవే.

2023 ఫిబ్రవరిలో మొదలైన ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలు 2025 నాటికి దేశమంతటా బంకుల్లో మామూలు ఇంధనమైపోయింది. ఇంజెక్షన్ వైపు చూడటానికి ఇవాళ ఉన్న కారణాల్లో అన్నిటికన్నా గట్టిది ఇదేనని నేను నమ్ముతున్నాను. పికప్ కొంత మెరుగుపడుతుంది, మైలేజీ కొంత పెరగొచ్చు, కానీ ఆ రెండిటి కోసమే ఇంత శ్రమ పడాల్సిన పని లేదు. ఇంధనం మారినా, గాలి మారినా తనను తాను సర్దుకునే గుణం మాత్రం కార్బరేటర్‌కు ఎంత ట్యూనింగ్ చేసినా రాదు.

ఇప్పటిదాకా నడిచిన దారి

ఇంజెక్షన్ కొత్త సంగతేమీ కాదు. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌లో మెకానికల్ పంపు నేరుగా సిలిండర్లలోకే పెట్రోలు కొట్టేది. 1957లో అమెరికాలో కార్వెట్ మెకానికల్ ఇంజెక్షన్‌తో వచ్చింది. ఎలక్ట్రానిక్ పద్ధతికి తొలి ప్రయత్నం బెండిక్స్ కంపెనీ ‘ఎలక్ట్రోజెక్టర్’. 1958 మోడల్ క్రైస్లర్ కార్లలో కొన్నిటికి దాన్ని పెట్టారు. ఆనాటి విడిభాగాలు వేడికి, తేమకు నిలవలేదు. ఆ కార్లలో చాలావాటికి మళ్లీ కార్బరేటర్లే బిగించాల్సి వచ్చింది. ఈ చరిత్రలో ఇంటి మెకానిక్కుకు ఒక పాఠం ఉంది: ఆలోచన సరైనదే అయినా వైరింగు, కనెక్టర్లు నిలవకపోతే మొత్తం వ్యవస్థ కూలుతుంది.

1967లో బాష్ ‘డీ జెట్రానిక్’ను ఫోక్స్‌వ్యాగన్ 1600లో తెచ్చింది. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని కొలిచి పెట్రోలు లెక్క వేయడం దాని పద్ధతి. ఇవాళ ఇళ్లలో జరిగే మార్పిడులన్నీ దాదాపు ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి. 1979లో వచ్చిన ‘మోట్రానిక్’ పెట్రోలును, స్పార్కును ఒకే కంప్యూటర్ చేతికిచ్చింది.

మన దేశంలో ఈ మార్పును తెచ్చినవి కాలుష్య నిబంధనలు. 2000లో మారుతి 800కు ఎంపీఎఫ్‌ఐ (మల్టీపాయింట్ ఇంజెక్షన్) వచ్చింది. ద్విచక్ర వాహనాల్లో 2006లో హీరో హోండా గ్లామర్ ఎఫ్‌ఐ, 2007లో బజాజ్ పల్సర్ 220 ఇంజెక్షన్‌తో వచ్చాయి. రెండేళ్లకే పల్సర్ 220 మళ్లీ కార్బరేటర్‌కు తిరిగి వెళ్లింది. ధర, మరమ్మతు సౌకర్యం, కొనేవాడి నమ్మకం కలిసి రాకపోతే మంచి సాంకేతికతైనా వెనక్కి తగ్గుతుందని ఆ బండి చూపించింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనల అమలుతో కార్బరేటర్ కొత్త బండ్లలోంచి దాదాపు పూర్తిగా తప్పుకుంది. దానివల్ల మనకు కలిగిన మేలు, ఇవాళ ఏ చిన్న పట్నంలోనైనా ఇంజెక్టర్లు, సెన్సర్లు, థ్రాటిల్ బాడీలు తుక్కు దుకాణాల్లో దొరకడం.

ఇంటి మార్పిడికి తలుపు తెరిచినవి మాత్రం సొంతంగా కట్టుకునే కంప్యూటర్లు. 2001లో అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు ‘మెగాస్క్విర్ట్’ను బయటపెట్టారు. సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చినవాడు తన ఇంజను కంప్యూటర్‌ను (ఈసీయూ) తానే కట్టుకోవచ్చని అది రుజువు చేసింది. తర్వాత ఆస్ట్రేలియాకు చెందిన జోష్ స్టూవర్ట్ చవకైన ఆర్డుయినో బోర్డు మీద ‘స్పీడుయినో’ తెచ్చాడు. దాని సర్క్యూటు, ప్రోగ్రాము రెండూ అందరికీ ఉచితం. ఈ రెండిటి చుట్టూ పోగుపడిన అనుభవమే ఇవాళ ఈ రంగానికి ఉన్న పెద్ద ఆస్తి.

మూడు దారులు

మొదటిది థ్రాటిల్ బాడీ పద్ధతి. కార్బరేటర్ కూర్చున్న చోటే ఒకటో రెండో ఇంజెక్టర్లున్న థ్రాటిల్ బాడీ కూర్చుంటుంది. పాత మానిఫోల్డ్ అలాగే ఉంటుంది, ఒక అడాప్టర్ ప్లేటు లేత్ మీద చేయించుకుంటే చాలు. పెట్రోలు ప్రెషర్ కూడా సుమారు 1 బార్ మాత్రమే. లోపం ఏమిటంటే సిలిండర్లకు మిక్చర్ పంచే పని ఇంకా పాత మానిఫోల్డ్‌దే. అది ఎలా పంచితే అలా వెళ్తుంది.

రెండోది మల్టీపాయింట్. ప్రతి సిలిండర్ పోర్టు దగ్గరా ఒక ఇంజెక్టర్. ప్రెషర్ సుమారు 3 బార్. కాగితం మీద ఇదే మేలైనది. అయితే బీ సిరీస్ ఇంజను దగ్గర ఒక చిక్కుంది. నాలుగు సిలిండర్లకు ఇన్‌టేక్ పోర్టులు రెండే. ఒకటి, రెండు సిలిండర్లకు ఒకటి; మూడు, నాలుగింటికి ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. రెండో సిలిండర్ పీల్చిన వెంటనే ఒకటోది పీలుస్తుంది. తర్వాత క్రాంకు ఒక పూర్తి చుట్టు తిరిగేదాకా ఆ పోర్టులో కదలిక ఉండదు. ఇంజెక్టర్ తన మానాన కొడుతూనే ఉంటే ఆ ఖాళీ సమయంలో చేరిన పెట్రోలంతా ముందు పీల్చే లోపలి సిలిండర్ తీసేసుకుంటుంది. వెనక పీల్చే బయటి సిలిండర్ లీన్ అవుతుంది. సైలెన్సర్ పైపులో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ నాలుగింటి సగటు చూసి ‘అంతా బాగుంది’ అంటుంది. ఒకటో నాలుగో పిస్టన్ మాత్రం కాలుతూ ఉంటుంది.

ఈ చిక్కు కొత్తదేం కాదు. ఇదే కుటుంబానికి చెందిన, ఇలాగే జంట పోర్టులున్న చిన్న ఇంజనుతో నడిచిన రోవర్ మినీకి కంపెనీ వాళ్లే 1990లలో ముందు ఒకే ఇంజెక్టర్ ఉన్న థ్రాటిల్ బాడీ పెట్టారు. 1996లో రెండు ఇంజెక్టర్లకు మారినప్పుడు ఏ సిలిండర్ పీల్చే వేళకు దానికి కొట్టేలా టైమింగు కట్టారు. క్యామ్ స్థితి చెప్పే సెన్సర్ లేకుండా ఆ పని కుదరదు. అందుకే అంబాసిడర్, ఎంజీ ఇంజన్లకు ఇంట్లో చేసే మొదటి మార్పిడిగా థ్రాటిల్ బాడీనే నేను సిఫారసు చేస్తాను. ‘మల్టీపాయింట్ అంటేనే అసలైన ఇంజెక్షన్’ అనే మాట ఈ ఇంజన్ల విషయంలో నిలవదు.

మూడోది కంపెనీ దారి. కార్బరేటర్ మారుతి 800కు అదే కుటుంబంలోని ఎంపీఎఫ్‌ఐ మోడల్ నుంచి మానిఫోల్డ్, ఇంజెక్టర్లు, పంపు, సెన్సర్లు, వైరింగు, ఈసీయూ మొత్తం ఒకే సెట్టుగా తెచ్చుకోవడం. ఏ స్థితిలో ఎంత పెట్రోలు కొట్టాలో చెప్పే పట్టిక (మ్యాప్) రాయాల్సిన పని లేదు. ఆ పని కంపెనీ ఇంజనీర్లు చేసి పెట్టారు. విడిభాగాలు ఊళ్లోనే దొరుకుతాయి, మెకానిక్ స్కానర్ పెట్టి చూడగలడు. చిన్న మారుతులకు ఇంతకన్నా తెలివైన దారి లేదు. కానీ సగం సెట్టు ఒక బండిది, సగం ఇంకో బండిది అయితే ఆ లాభమంతా పోతుంది. సెన్సర్లు, ఈసీయూ, వైరింగు ఒకే బండివి కావాలన్నది ఇక్కడ రాజీ లేని షరతు.

పెట్రోలు లైను: ప్రాణం మీదికి వచ్చే భాగం

కార్బరేటర్‌కు వెళ్లే పెట్రోలు ప్రెషర్ 0.2 నుంచి 0.35 బార్ మధ్య ఉంటుంది. మల్టీపాయింట్‌లో అది దాదాపు పది రెట్లు. కార్బరేటర్ పైపుకు చిన్న పగులు వస్తే చెమ్మ కనిపిస్తుంది, వాసన వస్తుంది. 3 బార్ లైనులో అదే పగులు వేడి మానిఫోల్డ్ మీద పెట్రోలు పిచికారీ చేస్తుంది. పాత కార్ల మార్పిడుల్లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. డబ్బు ఆదా చేయకూడని చోటు కూడా ఇదే.

మామూలు రబ్బరు పైపు, స్క్రూ బిగించే చిల్లుల క్లిప్పు ఇక్కడ పనికిరావు. ఇంజెక్షన్ ప్రెషర్‌కు, ఇథనాల్‌కు తట్టుకునే ఎస్‌ఏఈ జే30 ఆర్9 తరగతి హోసు, దానికి తగిన నున్నటి అంచు క్లాంపులు కావాలి. ఛాసిస్ కింద ఉక్కు లేదా నైలాన్ లైను కొత్తగా వేయాలి. యాభై ఏళ్ల పైపును నమ్మకూడదు. ప్రెషర్ రెగ్యులేటర్ నుంచి మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ లైను ఉండాలి.

రామగుండం ఎండలో ఆ రిటర్న్ లైను చేసే మేలు చాలా పెద్దది. పాత ఇంజన్ల మీద మెకానికల్ పంపు ఇంజను బ్లాకుకే అంటుకుని ఉంటుంది. మధ్యాహ్నం బండి ఆపి పది నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే స్టార్టు కాకపోవడానికి కారణం ఆ పంపులో, పైపులో పెట్రోలు ఆవిరైపోవడం. పంపు వెనక ట్యాంకు దగ్గరికి వెళ్లి, పెట్రోలు ప్రెషర్ కింద ఎప్పుడూ తిరుగుతూ ఉంటే ఈ బాధ చాలావరకు తీరిపోతుంది. పాత ట్యాంకుల్లో చాలావాటికి లోపల అడ్డగోడలు ఉండవు. పెట్రోలు తక్కువున్నప్పుడు మలుపులో పంపు గాలి పీలుస్తుంది. కార్బరేటర్ దాన్ని ఓర్చుకుంటుంది, ఇంజెక్షన్ ఓర్చుకోదు. అందుకే చిన్న సర్జ్ ట్యాంకు పెట్టడమో, లోపలే పంపున్న ట్యాంకుకు మారడమో తప్పదు. ట్యాంకులో తుప్పు ఉంటే ముందు అది వదిలించాలి. ఇథనాల్ పాత తుప్పును, జిగురును కదిలించి తెచ్చి ఫిల్టర్‌లో, ఇంజెక్టర్‌లో కూరుతుంది.

పంపు రిలేను ఈసీయూ అదుపులోనే ఉంచాలి. ఇంజను తిరుగుతున్నంతసేపే పంపు నడవాలి. గుద్దుకుంటే కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్ తప్పనిసరి. లైను విప్పేముందు ప్రెషర్ దించాలి. పెట్రోలు తాగిన ట్యాంకు దగ్గర వెల్డింగ్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. చేతికందే దూరంలో మంటలార్పే సిలిండర్ ఉండాలి. భూగర్భ గనిలో పని మొదలుపెట్టేముందు గ్యాసు పరీక్ష చేయడం ఈ ప్రాంతపు కార్మిక కుటుంబాలకు తెలిసిన క్రమశిక్షణ. అదే క్రమశిక్షణ ఈ షెడ్డులోనూ నడవాలి.

కరెంటు, సెన్సర్లు

పాత కారు కరెంటు వ్యవస్థ లైట్లు వెలిగించడానికి, స్పార్కు ఇవ్వడానికి కట్టింది. ఇంజెక్షన్‌కు అది చాలదు. డైనమో ఉన్న బండికి ముందు ఆల్టర్నేటర్ పెట్టాలి. ఇంజెక్టర్‌కు కరెంటు అందిన క్షణానికి, అది నిజంగా తెరుచుకునే క్షణానికి మధ్య సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. వోల్టేజీ పడిపోతే ఆ ఆలస్యం పెరుగుతుంది. ఐడిలింగ్‌లో ఇంజెక్టర్ తెరిచి ఉండేదే రెండు మూడు మిల్లీసెకన్లు. హెడ్‌లైట్లు వేయగానే ఐడిలింగ్ తడబడితే మ్యాప్‌ను కాదు, ముందు వోల్టేజీని అనుమానించాలి. ఆ కాలపు బ్రిటిష్ డిజైన్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్తు ఉండేది. దాన్ని నెగటివ్ ఎర్తుకు మార్చకుండా ఏ ఎలక్ట్రానిక్ పరికరాన్నీ తగిలించకూడదు.

కావాల్సిన సెన్సర్లు ఇవీ: మానిఫోల్డ్ ఒత్తిడి చెప్పే మ్యాప్ సెన్సర్, లోపలికి వచ్చే గాలి వేడిని, కూలెంట్ వేడిని చెప్పేవి రెండు, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పేది ఒకటి, క్రాంకు ఎక్కడుందో చెప్పేది ఒకటి, పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్. గాలి బరువును నేరుగా కొలిచే ఎయిర్‌ఫ్లో మీటర్ కొన్ని వ్యవస్థల్లో ఉంటుంది. బొగ్గు దుమ్ము, ఓవర్‌బర్డెన్ దుమ్ము నిత్యం లేచే చోట దాని సన్నని తీగె మీద మురికి పేరుకుంటుంది. మ్యాప్ సెన్సర్ చిన్న గొట్టం ద్వారా ఒత్తిడి మాత్రమే చూస్తుంది, దుమ్ముతో దానికి పెద్దగా పని లేదు. అందుకే ఈ ప్రాంతానికి మ్యాప్ పద్ధతే సరి. అలాగని ఎయిర్ ఫిల్టర్ మీద అశ్రద్ధ పనికిరాదు. అందంగా కనిపించే చిన్న స్పాంజి ఫిల్టర్ల కన్నా పాత ఆయిల్ బాత్ డబ్బాయో, మంచి పేపర్ ఎలిమెంటో ఇంజనుకు మేలు.

క్రాంకు స్థితి కోసం ముందు పుల్లీ మీద 36 పళ్ల స్థానాల్లో ఒకటి తీసేసిన చక్రం బిగించి, ఎదురుగా సెన్సర్ పెట్టడం ఇళ్లలో ఎక్కువగా చేసే పని. చక్రం కాస్త వంకరగా తిరిగినా సిగ్నల్ చెడుతుంది కాబట్టి ఈ పని మంచి లేత్ చేతిలో జరగాలి. ఆక్సిజన్ సెన్సర్‌కు సీసం విషం. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు కాబట్టి ఆ భయం లేదు. కానీ రింగులు అరిగి ఆయిల్ తాగే ఇంజను ఆ సెన్సర్‌ను త్వరగా చంపుతుంది. బోరుకు వచ్చిన ఇంజనుకు ముందు బోరు చేయించాలి. ఇంజెక్షన్ అరుగుదలను నయం చేయదు.

ఈసీయూను బానెట్ కింద కాకుండా డాష్‌బోర్డు లోపల పెట్టాలి. కొత్త వైరింగును పాత లూమ్‌లో కలపకుండా, తన సొంత ఫ్యూజులు, రిలేలతో విడిగా వేయాలి. వైరింగ్ డయాగ్రమ్ గీసి కారులోనే ఉంచాలి. ఏడాది తర్వాత మంథని దారిలో రాత్రి పూట బండి ఆగితే ఆదుకునేది ఆ కాగితమే.

లెక్క, మ్యాప్

ఇంజెక్టర్ ఎంత పెద్దది కావాలన్నది ఊహతో తేల్చాల్సిన విషయం కాదు. అంబాసిడర్ ఇంజను 50 హార్స్‌పవర్ ఇస్తుందనుకుంటే, పూర్తి లోడులో గంటకు సుమారు 11 కిలోల పెట్రోలు తాగుతుంది; అంటే నిమిషానికి 250 మిల్లీలీటర్ల పైన. ఇంజెక్టర్‌ను దాని శక్తిలో 80 శాతానికి మించి వాడకూడదు. కాబట్టి ఒకే ఇంజెక్టర్ అయితే నిమిషానికి 320 మిల్లీలీటర్లు, నాలుగైతే ఒక్కొక్కటి 80 మిల్లీలీటర్లు చాలు. ఈ20 వాడుతున్నందుకు పది శాతం అదనం వేసుకోవాలి. ‘పెద్దది పెడితే పవర్ వస్తుంది’ అని మరీ పెద్ద ఇంజెక్టర్ పెట్టినవాళ్లకు ఐడిలింగ్ ఎన్నటికీ కుదరదు. అంత కొద్ది పెట్రోలును అది ఒక లెక్కగా కొట్టలేదు.

మ్యాప్ (పేరు ఒకటే అయినా మ్యాప్ సెన్సర్ వేరు) అంటే ఇంజను వేగం ఒక వైపు, మానిఫోల్డ్ ఒత్తిడి ఒక వైపు ఉన్న పట్టిక. ప్రతి గడిలో ఇంజను ఆ స్థితిలో ఎంత గాలి నింపుకుంటుందో ఒక అంకె ఉంటుంది. ఆ అంకెల మీద గాలి వేడి, కూలెంట్ వేడి సవరణలు పడతాయి. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ ఉంటే నిజంగా ఎంత కాలుతోందో చూసి గడి గడీ సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ మన దేశానికి ప్రత్యేకమైన ఒక జాగ్రత్త ఉంది. మీటరు మీద 14.7 అనే అంకె మామూలు పెట్రోలుకు సంబంధించినది. ఈ20 మీద దాన్ని పట్టుకుని కూర్చుంటే గందరగోళం తప్పదు. లాంబ్డా స్కేలు వాడితే ఏ ఇంధనానికైనా 1 అంటే సరిసమానం. నిలకడగా వెళ్తున్నప్పుడు 1 దగ్గర, పూర్తిగా తొక్కినప్పుడు 0.85 నుంచి 0.88 మధ్య ఉంటే పాత ఇంజను క్షేమంగా ఉంటుంది.

ట్యూనింగ్‌లో ఐడిలింగ్, నిలకడ వేగం తొందరగా కుదురుతాయి. చల్లని స్టార్టింగ్, యాక్సిలరేటర్ తొక్కిన క్షణం మాత్రం ఓపిక అడుగుతాయి. చల్లని ఇంజను రోజుకు ఒక్కసారే దొరుకుతుంది కాబట్టి ఆ భాగం రోజుల తరబడి సాగుతుంది. బండి నడుపుతూ ల్యాప్‌టాప్ చూడటం నేరుగా ప్రమాదం. నడిపేది ఒకరు, చూసేది ఇంకొకరు కావాలి. లేదా లాగ్ రికార్డు చేసుకుని ఇంటికొచ్చి చూడాలి.

చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చని చేర్చింది. ఇంజెక్షన్ మార్పిడిలో ఇంజను నంబరు, సీసీ, ఇంధనం మారవు. అయినా ఆ ఒక్క కారణంతో ధైర్యపడటం సరికాదు. పని మొదలుపెట్టేముందే రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, జవాబు దగ్గర ఉంచుకోవాలి. బీమా కంపెనీకీ తెలియజేయాలి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము రోజున ఎదురుతిరుగుతుంది.

50 ఏళ్లు దాటిన బండ్లకు ఇంకో లెక్క ఉంది. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల కింద అలాంటి బండికి ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. కానీ బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. 1960ల, 70ల తొలినాటి అంబాసిడర్‌నో హెరాల్డ్‌నో దాచుకున్నవాళ్లు ఇంజెక్షన్ మోజులో ఈ అర్హతను పోగొట్టుకోకూడదని నా గట్టి విన్నపం. అలాంటి బండ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. వాటికి సరైన జెట్టు, మంచి ఇగ్నిషన్, ఇథనాల్‌కు తట్టుకునే పైపులు, సీళ్లు చాలు.

ఏ వరుసలో చేయాలి

ఈ పరిశీలన అంతా కలిపి చూస్తే అయిదు మెట్లు తేలుతున్నాయి.

మొదటి మెట్టు కరెంటు: ఆల్టర్నేటర్, ఎర్తింగు, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. పాత బండి బాధల్లో చాలా భాగం ఇక్కడే తీరిపోతుంది.

రెండో మెట్టు కొలత: కార్బరేటర్ ఉండగానే సైలెన్సర్ పైపుకు నట్టు వెల్డింగ్ చేయించి వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టడం. అప్పటిదాకా ‘రిచ్‌గా ఉంది’, ‘లీన్‌గా ఉంది’ అని చెవితో, ప్లగ్గు రంగుతో చెప్పుకున్న మాటలు అంకెలుగా మారతాయి. ఆ అంకెలు చూసి జెట్టు మార్చితే చాలామందికి ఇక ముందుకు వెళ్లాల్సిన అవసరమే కనిపించదు. ఈ మెట్టు దగ్గర ఆగడం ఓటమి కాదు.

మూడో మెట్టు పెట్రోలు లైను: ట్యాంకు, పైపులు, పంపు, రిటర్న్. తక్కువ ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టి కార్బరేటర్‌నే దీని మీద నడపొచ్చు. లీకులు ఉంటే ఇప్పుడే తేలతాయి.

నాలుగో మెట్టు ఈసీయూ, సెన్సర్లు: కార్బరేటర్ మీద బండి నడుస్తుండగా అవి రీడింగులు మాత్రం రాసుకుంటాయి. క్రాంకు సిగ్నల్ తప్పుతోందా, కూలెంట్ సెన్సర్ అబద్ధం చెబుతోందా అన్నది ఏ ప్రమాదం లేకుండా తెలుస్తుంది.

అయిదో మెట్టు ఇంజెక్షన్. అప్పటికి మిగిలేది థ్రాటిల్ బాడీ బిగించడం, ప్రెషర్ పెంచి ప్రతి అతుకూ మళ్లీ పరీక్షించడం, మ్యాప్ రాయడం మాత్రమే. తీసిన కార్బరేటర్, మానిఫోల్డ్, డిస్ట్రిబ్యూటర్‌లను శుభ్రం చేసి, నూనె రాసి పెట్టెలో దాచాలి. అసలు మానిఫోల్డ్‌కు రంధ్రం పెట్టాల్సి వస్తే, దానికి బదులు తుక్కులో ఇంకోటి కొనుక్కుని దానికి పెట్టాలి. తర్వాతి తరం కావాలనుకుంటే ఈ బండి మళ్లీ కార్బరేటర్ మీద నడవగలగాలి.

ఈ మార్పిడి ఎవరికి తగును? రోజూ బండి తీసేవారికి, ఎండలో దూరాలు తిరిగేవారికి, విలువైన ‘అసలు రూపం’ ఇప్పటికే పోయిన బండి ఉన్నవారికి, ఎంపీఎఫ్‌ఐ సెట్టు తేలిగ్గా దొరికే మారుతుల యజమానులకు. ఎవరికి తగదు? వింటేజ్ అర్హత ఉన్న బండి ఉన్నవారికి, పండక్కో పెళ్లికో మాత్రమే బండి తీసేవారికి, ఇంజను అరుగుదలను ఇంజెక్షన్‌తో కప్పుకోవాలనుకునేవారికి.

పాత కారును ప్రేమించేవాళ్లు రెండు వర్గాలుగా చీలి, ఒకరు ‘ఏదీ ముట్టుకోవద్దు’ అనీ ఒకరు ‘అంతా మార్చేద్దాం’ అనీ వాదించుకోవడం చూస్తుంటాం. ఇద్దరి కోరికా ఒకటే, బండి రోడ్డు మీద బతకాలని. ఇంధనం మారిపోతున్న ఈ రోజుల్లో ఏ మార్పూ లేకుండా ఏ పాత బండీ క్షేమంగా నడవదు. కొలవకుండా చేసిన ఏ మార్పూ దానికి మేలు చేయదు. బొగ్గు బావుల ఊళ్లలో పెద్ద యంత్రాలను ఏళ్ల తరబడి నిలబెట్టిన పనితనం ఉంది. ఆ పనితనాన్ని ఇంటి షెడ్డులోకి తెచ్చుకుంటే, కరెంటు సరిచేసుకుని, ఒక వైడ్‌బ్యాండ్ సెన్సర్ కొనుక్కుని మొదలుపెడితే, కార్బరేటర్ విప్పాలా వద్దా అన్నది ఆ బండి రీడింగులే తేల్చి చెబుతాయి.